మంచి గేమ్ తీసిన స్టూడియో ఎందుకు మూతపడుతుంది?

గేమ్‌ల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: 'హై-ఫై రష్' గేమ్ అంటే నాకు ప్రాణం. అంతమంది మెచ్చుకున్నాక కూడా ఆ స్టూడియోని మూసేశారని తెలిసి చాలా బాధేసింది. బాగా తీసినా ఉద్యోగాలు పోతుంటే ఇక బాగా తీయడం దేనికండీ?

జవాబు: మీ బాధ న్యాయమైనదే. ఆ గేమ్ 2023 జనవరిలో వచ్చింది, దాన్ని తీసిన టాంగో గేమ్‌వర్క్స్‌ని మూసేస్తున్నట్టు 2024 మేలో దాని యజమాని మైక్రోసాఫ్ట్ చెప్పింది. అదే ఏడాది ఆగస్టులో క్రాఫ్టన్ అనే కొరియా కంపెనీ ముందుకొచ్చి ఆ జట్టునీ గేమ్ హక్కుల్నీ తీసుకుంది కాబట్టి సరిపోయింది, అందరికీ ఆ అదృష్టం ఉండదు.

అసలు జరిగిందేమిటంటే, 2020, 2021లలో జనం ఇళ్లలోనే ఉండి విపరీతంగా ఆడారు, అప్పులు తక్కువ వడ్డీకి దొరికాయి, ఆ ఊపు ఎప్పటికీ ఉంటుందనుకుని కంపెనీలు ఎడాపెడా మనుషుల్ని తీసుకున్నాయి, స్టూడియోల్ని కొన్నాయి. 2022 నుంచి వడ్డీలు పెరిగాయి, జనం బయట తిరగడం మొదలుపెట్టారు, లెక్కలు తప్పాయి. దాదాపు 6,900 కోట్ల డాలర్లకు యాక్టివిజన్ బ్లిజార్డ్ అనే గేమ్ కంపెనీని కొన్న మైక్రోసాఫ్ట్, ఆ కొనుగోలు పూర్తయిన కొద్ది నెలలకే, 2024 జనవరిలో, గేమింగ్ విభాగంలో 1,900 మందిని తీసేసింది. మరుసటి నెలలో సోనీ కూడా ప్లేస్టేషన్ విభాగంలో సుమారు 900 మందిని తగ్గిస్తామంది.

ఇంకోటి ఖర్చు. 2023లో మైక్రోసాఫ్ట్ మీద అమెరికా కోర్టులో నడిచిన కేసులో సోనీ కాగితాలు కొన్ని బయటపడ్డాయి, 'ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2' తీయడానికి దాదాపు 22 కోట్ల డాలర్లు అయిందని వాటిలో ఉంది. అంత పెట్టాక ఓ మోస్తరుగా అమ్ముడుపోతే చాలదు, ఇరగాడాలి. పైగా పోటీ కొత్తగా వచ్చే గేమ్‌లతోనే కాదు, జనం ఏళ్ల తరబడి వదలకుండా ఆడుతున్న ఫోర్ట్‌నైట్, మైన్‌క్రాఫ్ట్ లాంటి వాటితో కూడా. సోనీ వాళ్ల 'కాంకార్డ్' 2024 ఆగస్టు 23న వచ్చి సెప్టెంబర్ 6కల్లా ఆగిపోయింది, డబ్బు వాపసు ఇచ్చారు, తర్వాత స్టూడియోనే మూసేశారు. ఎంత పెద్ద పందెం కాయాలో నిర్ణయించేది పైవాళ్లు, పందెం పోతే ఉద్యోగం పోయేది మాత్రం కింద కూర్చుని పని చేసినవాళ్లకి. నాకు కోపం వచ్చేది అక్కడే.

బాగా తీయడం దేనికంటారా? బాగా తీసినవి చిన్న ఖర్చుతో కూడా నిలబడుతున్నాయి. 'స్టార్‌డ్యూ వ్యాలీ'ని ఎరిక్ బరోన్ ఒక్కడే నాలుగేళ్లకు పైగా కూర్చుని తీసి 2016లో విడుదల చేశాడు, జనం ఇప్పటికీ ఆడుతున్నారు. అందరికీ అలా జరుగుతుందని మాత్రం చెప్పను, ఒక్క 2024లోనే స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్‌ల దుకాణంలోకి 18,000కు పైగా గేమ్‌లు వచ్చాయి.

ప్రశ్న: నేను సొంతంగా ఒక ప్లాట్‌ఫార్మర్ (అంచుల మీద దూకుతూ ముందుకెళ్లే గేమ్) చేస్తున్నాను. అన్నీ సరిగానే ఉన్నాయి గానీ జంప్ చేస్తుంటే మజా రావట్లేదు, ఆడినవాళ్లు "నేను నొక్కాను, అది దూకలేదు" అంటున్నారు.

జవాబు: వాళ్లు అబద్ధం చెప్పట్లేదు. మనిషి వేలు కంప్యూటర్ అంత కచ్చితంగా ఉండదు, ఆ తేడాని మీ గేమ్ భరించాలి. 2018లో వచ్చిన 'సెలెస్ట్' చూడండి, చాలా కష్టమైన గేమ్, కానీ అన్యాయం అనిపించదు. అంచు దాటి కాలు గాల్లోకి వెళ్లాక కూడా 0.1 సెకను వరకు దూకనిస్తుంది, దీన్నే కొయోటీ టైమ్ అంటారు. నేల తాకడానికి కాస్త ముందే బటన్ నొక్కేస్తే గుర్తుపెట్టుకుని, తాకగానే దూకిస్తుంది. తల గోడ మూలకి తగిలితే పాత్రని రవ్వంత పక్కకి జరుపుతుంది. బటన్ పట్టుకునే ఉంటే జంప్ పైకొసన గ్రావిటీని సగం చేస్తుంది, దాంతో ఎక్కడ దిగాలో చూసుకునే వీలు దొరుకుతుంది. ఆడేవాళ్లకి ఇవేవీ కనపడవు, తమ చేతికి పట్టు వచ్చిందనే అనుకుంటారు, అలా అనుకోవాలి కూడా. ముందు మొదటి రెండూ పెట్టి చూడండి, మీకొచ్చిన ఫిర్యాదు చాలావరకు అక్కడే పోతుంది. తర్వాత బటన్ త్వరగా వదిలితే జంప్ పొట్టిగా అయ్యేలా, పడేటప్పుడు గ్రావిటీ కొంచెం ఎక్కువుండేలా చేయండి. ఇంకో మాట, ఎవరితోనైనా ఆడించేటప్పుడు పక్కన కూర్చుని వివరించకండి, నోరు కట్టుకుని వాళ్ల చేతులు చూడండి.

ప్రశ్న: మా అమ్మాయి గేమ్ డిజైన్ కోర్సులో చేరతానంటోంది. ఈ వార్తలన్నీ చూస్తుంటే నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: టెన్షన్ సహజమేనండీ, కొత్తవాళ్లకి ఉద్యోగం దొరకడం ఇప్పుడు నిజంగానే కష్టంగా ఉంది. అలాగని వద్దనకండి. గేమ్ అంటే ప్రోగ్రామింగ్, బొమ్మలు, యానిమేషన్, సౌండ్, టెస్టింగ్ అన్నీ కలిసిన పని, ఇందులో ఏదో ఒకటి గట్టిగా నేర్చుకుంటే గేమ్‌ల బయట కూడా పనికొస్తుంది. ఫీజు కట్టే ముందు గేమ్‌లు తయారుచేసే గోడో (Godot), త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్లు ఇన్‌స్టాల్ చేసుకోమనండి, రెండూ ఉచితమే. లూడమ్ డేర్, గ్లోబల్ గేమ్ జామ్ లాంటి గేమ్ తయారీ కార్యక్రమాల్లో రెండు మూడు రోజుల్లో ఒక చిన్న గేమ్ పూర్తి చేస్తారు. "పూర్తి చేయడం" ముఖ్యం, సగంలో ఆగినవి పది ఉన్నా ఎవరూ చూడరు. అలా రెండు మూడు పూర్తి చేశాక కూడా ఆ అమ్మాయికి ఇష్టం తగ్గకపోతే అప్పుడు కోర్సు మాట్లాడుకోండి.

ప్రశ్న: డబ్బు పెట్టి కొన్న గేమ్ సర్వర్ ఆపేస్తే ఇక ఆడలేమా?

జవాబు: చాలాసార్లు ఆడలేం. యూబీసాఫ్ట్ అనే కంపెనీ 2024 మార్చి 31న 'ద క్రూ' అనే కార్ల పందేల గేమ్ సర్వర్లు ఆపేసింది, దాంతో ఒంటరిగా ఆడుకునేవాళ్లకి కూడా అది తెరుచుకోలేదు. ఇది నాకు అస్సలు నచ్చని పద్ధతి. కొనేముందు ఆ గేమ్‌కి నెట్ ఎప్పుడూ ఉండాలా అన్నది చూసుకోండి, వీలైతే ఇన్‌స్టాలర్‌ని దింపుకుని దాచుకోనిచ్చే జీఓజీ (GOG) లాంటి ఆన్‌లైన్ దుకాణంలో కొనండి.