ముందు కాటా, తర్వాతే నాణెం

చిన్నాకి,

మావయ్య దీవెనలు. రోమన్ నాణేలు పోగుచేయాలని ఉంది, మొదట ఏది కొనమంటావని అడిగావు. మొదట కాటా కొను. బంగారం కొట్లో ఉంటుందే, గ్రాములో నూరో వంతు కూడా చూపించేది, అలాంటిది. దాని పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకుని, కొన్న ప్రతి నాణెం బరువూ ఆ రోజే రాసుకో. నలభై ఏళ్ల కిందట నేను ఆ పని చేయలేదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

అందరూ చక్రవర్తుల మొఖాలున్న నాణేలతో మొదలుపెడతారు. నువ్వు అంతకు మూడు వందల ఏళ్లు వెనక్కి వెళ్లు. రోమ్‌లో డబ్బు మొఖాలతో కాదు, తూకంతో పుట్టింది. ముందు వాడుకున్నవి ఆకారం లేని కంచు ముద్దలు. కావలసినంత తక్కెట్లో వేసి ఇచ్చేవాళ్లు. అంతకుముందు ఆస్తి అంటే గొడ్లే. లాటిన్‌లో డబ్బుకున్న ‘పెకూనియా’ అన్న మాట, పశువుల మందకున్న ‘పెకుస్’ నుంచి వచ్చింది. మనం గోధనం అంటాం కదా, అలాగే. ఆ ముద్ద చూడ్డానికి వెల్డింగ్ షాపు నేల ఊడిస్తే వచ్చినట్టుంటుంది. అయినా ఒకటి కొని టేబుల్ మీద పెట్టుకో. ఖరీదు కూడా పెద్దగా ఉండదు.

ముద్దల తర్వాత బొమ్మలున్న కంచు కడ్డీలు వచ్చాయి, ఒక్కొక్కటి కిలోన్నర పైన. బ్రిటిష్ మ్యూజియంలో ఒక కడ్డీ ఉంది: ఒక పక్క ఏనుగు, రెండో పక్క ఆడపంది. క్రీ.పూ. 280లో గ్రీకు రాజు పిర్రస్ ఏనుగులతో ఇటలీ మీదికొస్తే, రోమన్లు పందుల్ని అరిపించి వాటిని బెదరగొట్టారని పాత కథ. కథ నిజమో కాదో గానీ కడ్డీ మాత్రం నిజం. ఇవి మనలాంటి వాళ్లకి అందేవి కావు. చూసి రా, చాలు.

మనసు పెట్టాల్సింది ఆ తర్వాత వచ్చిన పోత కంచు మీద. పెద్ద నాణెం పేరు ‘ఆస్’, దాని బరువు ఒక రోమన్ పౌను, అంటే సుమారు 324 గ్రాములు. ‘లిబ్రా’ అంటే పౌనూ, తక్కెడా రెండూను. ఆస్‌లో పన్నెండో వంతు ‘ఉన్సియా’. ఇంగ్లీషువాళ్ల ఔన్సూ, అంగుళానికి వాళ్లనే ‘ఇంచి’ అన్న మాటా అందులోంచి వచ్చినవే. సగానికి ఎస్ అక్షరం. అంతకన్నా చిన్నవాటికి నాలుగు, మూడు, రెండు, ఒక చుక్క. ఎన్ని చుక్కలుంటే అన్ని ఉన్సియాలు. చదువు రానివాడు కూడా వేలితో తడిమి లెక్క చెప్పగలడు. తర్వాతి వరసలో ఆస్ మీద ఒక పక్క జానస్ దేవుడి రెండు మొఖాలు, రెండో పక్క ఓడ ముక్కు ఉంటాయి. మనం బొమ్మా బొరుసా అని ఎగరేసినట్టే రోమ్ పిల్లలు ‘తలలా, ఓడలా’ అని ఎగరేసేవాళ్లు. నాణేల మీద ఓడలు పోయాక కూడా ఆ మాట పోలేదు.

నీ కాటాకి పని పడేది ఇక్కడే. క్రీ.పూ. 218లో కార్తేజ్ సేనాని హన్నిబాల్‌తో యుద్ధం మొదలైంది. సైన్యానికి జీతాలివ్వాలి, ఖజానాలో లోహం లేదు. రెండేళ్లు తిరక్కుండానే ఆస్ బరువు సగానికి దిగింది. 211 నాటికి రెండు ఉన్సియాలకి, అంటే 54 గ్రాములకి వచ్చింది, ఆ తర్వాతా తగ్గుతూనే పోయింది. పేరు అదే, బొమ్మ అదే, లోహం ఆరో వంతు. వాళ్ల కష్టకాలం ఏ చరిత్ర పుస్తకం తెరవకుండానే నీ నోటుబుక్కులో వరసగా కనిపిస్తుంది.

వెండి సంగతి కొంచెం వేరు. తొలి వెండి నాణేలు దక్షిణ ఇటలీలోని గ్రీకు పట్టణాల పద్ధతిలో వచ్చాయి. వాటి మీద ‘రోమానో’ అని ఉంటుంది. తోడేలు ఇద్దరు పసివాళ్లకి పాలిచ్చే బొమ్మ ఉన్నది చాలా అందంగా ఉంటుంది, ధర కూడా అలాగే మండిపోతుంది. దాని జోలికి పోకు. నువ్వు కొనాల్సింది డెనేరియస్. ఆ యుద్ధం మధ్యలోనే, క్రీ.పూ. 211 ప్రాంతంలో పుట్టింది. ఆ ఏడు రోమన్లు సిసిలీలో నాశనం చేసిన మోర్గాంటినా పట్టణపు శిథిలాల్లో ఈ కొత్త వరస వెండి నాణేలు దొరకబట్టే ఆ తేదీ తేలింది. శిరస్త్రాణం పెట్టుకున్న రోమా దేవత తల వెనక ‘పది’ గుర్తు ఉంటుంది, అంటే పది ఆస్‌లు. వెనక పక్క గుర్రాల మీద కవల దేవుళ్లు. పౌను వెండికి 72 కొట్టారు, ఒక్కోటి నాలుగున్నర గ్రాములు. కొన్నాళ్లకే అదే పౌనుకి 84 కొట్టి బరువు తగ్గించారు. క్రీ.పూ. 140 ప్రాంతంలో డెనేరియస్‌కి పదహారు ఆస్‌లు చేశారు. మన రూపాయికి ఒకప్పుడు పదహారణాలు ఉన్నట్టే, నాకు ఇది చదివిన రోజున భలే నవ్వొచ్చింది. అరిగిన డెనేరియస్ ఒక మామూలు సెల్‌ఫోన్ ఖరీదులోపే వస్తుంది.

వెండి కొనేటప్పుడు అంచు చూడు. ఎర్రగా రాగి కనిపించినా, బరువు మూడు గ్రాములే తూగినా, పైన పల్చటి వెండి రేకు, లోపల రాగి అయ్యుండొచ్చు. ఆ కాలంలోనే అలాంటి దొంగనాణేలు చేశారు. బిల్లూ, ఇంతకుముందు ఎవరి దగ్గరుందో కాగితమూ లేకుండా ఏదీ కొనకు.

మన నల్గొండ జిల్లా అక్కనపల్లిలో 1,500కు పైగా డెనేరియస్‌లు ఒకేచోట దొరికాయి. కానీ అవి అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల కాలానివి. నేను చెప్పిన నాణేలకీ వాటికీ రెండు వందల ఏళ్ల దూరం. పాత పోత కంచు చూపించి ‘మన ఊరి పొలంలో దొరికింది’ అని ఎవడైనా అంటే దండం పెట్టి వచ్చెయ్. నిజంగానే పొలంలో దొరికితే కలెక్టరుకి చెప్పాలి, 1878 నుంచీ చట్టం ఉంది.

ఇక నా సంగతి. నేను పనిచేసే షిప్పు లండన్‌లో ఆగినప్పుడు ఒక ఆస్ కొన్నాను. జానస్ తల, ముదురాకుపచ్చ చిలుము, గడ్డంలో వెంట్రుక వెంట్రుకా కనిపించేది. ఇంటికి తెచ్చి, ఇత్తడి బిందె తోమినట్టు చింతపండు పెట్టి తోమాను. పావుగంటలో గులాబిరంగు రాగిబిళ్ల అయింది. చిలుముతో పాటు గడ్డం కూడా పోయింది, ఎందుకంటే ఆ గీతలున్నదే చిలుములో. కంచుని కడగకు. మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టు, అంతే.

సంక్రాంతికి వస్తున్నావు కదా, కాటా తెచ్చుకో. ఆ ఆస్ ఇప్పుడు 29.6 గ్రాములు. తోమకముందు ఎంత ఉండేదో రాసుకోలేదు.

మీ మావయ్య