ఘాట్ ఎక్కడానికి ఒక లీటరు: కోరాపుట్ దారిలో చిన్న కారు మైలేజీ

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. మీరు ఒడిశా కొండల మీది కోరాపుట్‌లో ఉంటారు. 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజన్, మాన్యువల్ గేర్లు ఉన్న చిన్న కారు కొని ఎనిమిది నెలలైంది. లీటరుకు 23 కిలోమీటర్లు వస్తుందని కాగితం మీద ఉంది. పరీక్షగా కొండ కింద, ఆంధ్ర వైపున్న సాలూరులో ట్యాంకు నింపి, ఇంటికి చేరాక మళ్లీ నింపి చూస్తే 15 వచ్చింది. బండిలో లోపం ఉందా, నష్టం పెరగక ముందే అమ్మేయాలా అని అడిగారు.

అమ్మకండి. నలుగురు మనుషులతో, సామానుతో సాలూరు నుంచి కోరాపుట్ ఎక్కిన బండి 15 ఇచ్చిందంటే ఆ ఇంజన్ చక్కగా పని చేస్తున్నట్టే. నేను జయపురంలో పదకొండేళ్లుగా ఉంటున్నాను. మందుల దుకాణాలకు సరుకు అందించే పని నాది. కోరాపుట్, సిమిలిగుడ, రాయగడ నిత్యం తిరుగుతాను, నెలకు రెండు మూడు సార్లు విజయనగరం దిగుతాను. నాదీ మీలాంటి 1.2 లీటర్ల బండే. రెండున్నరేళ్లుగా పెట్రోల్ పోయించిన ప్రతిసారీ తేదీ, మీటరు అంకె, లీటర్లు, వెళ్లిన దారి ఒక నోటు పుస్తకంలో రాస్తున్నాను. ఇక్కడ చెప్పేది చాలావరకు ఆ పుస్తకంలోదే.

ముందు ఆ 23 సంగతి. పుణెలోని ఏఆర్ఏఐ వంటి, బండ్లను పరీక్షించే సంస్థలు ఇచ్చే ఈ అంకె రోడ్డు మీద కొలిచినది కాదు. ప్రయోగశాలలో కారు చక్రాలను రోలర్ల మీద పెట్టి, నిర్ణయించిన పద్ధతిలో నడుపుతారు. మొత్తం 1180 సెకన్లు, అంటే ఇరవై నిమిషాలకు కాస్త తక్కువ. నడిచే దూరం పదిన్నర కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ. సగటు వేగం గంటకు 32 కిలోమీటర్ల దాకా, గరిష్ఠ వేగం 90. ఏసీ వేయరు. ఎత్తు ఎక్కడం ఉండదు. పదిచోట్ల లారీ వెనక ఆగి, మళ్లీ మొదటి గేరులో కదలడం ఉండదు. ఏ కారుకైనా ఒకే కొలబద్ద ఉండాలి కాబట్టి ఆ పరీక్ష కావాలి. రెండు కార్లలో ఏది తక్కువ తాగుతుందో తేల్చుకోవడానికి ఆ అంకె పనికొస్తుంది. సాలూరు దాటాక వచ్చే సుంకి ఘాట్ మలుపుల్లో ఎంత వస్తుందో చెప్పడం దాని పని కాదు.

ఇక కొండ లెక్క. దీన్ని ఒకసారి కాగితం మీద వేసుకున్నాక నాకు మైలేజీ మీద బెంగ పోయింది. సాలూరు సముద్రమట్టానికి సుమారు 120 మీటర్ల ఎత్తున ఉంటే, కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. కారు, మనుషులు, సామాను అన్నీ కలిపి 1200 కిలోలు అనుకోండి. ఆ బరువును 750 మీటర్లు పైకి ఎత్తాలంటే దాదాపు 88 లక్షల జౌళ్ల శక్తి కావాలి. లీటరు పెట్రోల్‌లో సుమారు 320 లక్షల జౌళ్లు ఉంటాయి గాని, అందులో చక్రాల దాకా చేరేది నాలుగో వంతుకు కాస్త ఎక్కువ. మిగిలినదంతా వేడిగా పోతుంది. అంటే మామూలు ప్రయాణానికి అయ్యేది కాక, కొండ ఎక్కినందుకే ఇంచుమించు ఒక లీటరు అదనం. సాలూరు నుంచి కోరాపుట్ ఎనభై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. చదును నేల మీద నా బండికి ఆ దూరానికి నాలుగు లీటర్ల పైచిలుకు సరిపోతుంది, అంటే లీటరుకు 19. దానికి ఆ ఒక్క లీటరు కలిపితే 15 కిలోమీటర్ల దగ్గరకు వచ్చి ఆగుతుంది. మీకు వచ్చిన అంకె అదే. పైగా పొట్టంగి దాటాక దారి సిమిలిగుడ దాకా దిగుతూ ఎక్కుతూ సాగుతుంది. దిగి మళ్లీ ఎక్కే ప్రతి చోటా కొంత పోతుంది.

ఆ లీటరు పూర్తిగా పోయినట్టు కూడా కాదు. తిరుగు ప్రయాణంలో కొంత వెనక్కి వస్తుంది. దిగేటప్పుడు ఇదే దారిలో నాకు 21, 22 పడుతుంది. రానూపోనూ కలిపితే 18. అందుకే ఎక్కిన దారి ఒక్కదాన్నీ కొలవకూడదు, దిగిన దారి ఒక్కదాన్నీ కొలిచి సంబరపడకూడదు. కోరాపుట్‌లో ఒక బంకులో నింపి, వెళ్లి వచ్చి, అదే బంకులో మళ్లీ నింపండి. బయలుదేరిన ఎత్తుకే తిరిగి వచ్చారు కాబట్టి కొండ లెక్క సరిపోతుంది. ఎలాగూ ఆంధ్రలో పెట్రోల్ ధర ఎక్కువని మనవాళ్లందరూ ఒడిశా వైపే నింపుకుంటారు. ఆ అలవాటు కొలతకూ కలిసి వస్తుంది.

మీ పరీక్షలో ఇంకో చిక్కు ఉంది. అయిదు లీటర్ల లెక్కలో ఒక లీటరు తేడా వస్తే అంకె 15 నుంచి 19కి ఎగురుతుంది. బంకులో పెట్రోల్ పోసే తుపాకీ దానంతట అది ఆగే చోటు ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంటుంది. నేల కాస్త వాలుగా ఉన్నా ట్యాంకులో పట్టేది మారుతుంది. మొదటిసారి టక్కున ఆగిన దగ్గరే ఆపించండి. ఆ తర్వాత చిల్లర సరిపెట్టడానికి ఇంకాస్త పోయించవద్దు. దానివల్ల లెక్క చెడుతుంది, ఆవిరిని పట్టి ఉంచే డబ్బాలోకి పెట్రోల్ వెళ్లి అదీ పాడవుతుంది. కనీసం మూడు ట్యాంకుల సగటు చూడండి. డాష్‌బోర్డు మీద కనిపించే మైలేజీని కూడా పూర్తిగా నమ్మకండి. నా బండిలో అది పుస్తకం లెక్క కన్నా ఎప్పుడూ నూటికి ఆరేడు వంతులు ఎక్కువ చూపిస్తుంది.

ఘాట్ దిగడం గురించి కాస్త గట్టిగానే చెబుతాను. ఈ ప్రాంతంలో డ్రైవింగు నేర్చుకున్న చాలామందికి దిగేటప్పుడు న్యూట్రల్‌లో వేస్తే పెట్రోల్ మిగులుతుందని నేర్పారు. నాకు జీపు నేర్పిన పెద్దాయనా అదే చెప్పారు. కార్బ్యురేటర్ ఉన్న రోజుల్లో అందులో కొంత నిజం ఉండేది. ఇప్పటి ఇంజెక్షన్ బండ్లలో అది పూర్తిగా తలకిందులైంది. గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. ఆ సంగతి ఇంజన్‌లోని కంప్యూటర్‌కు తెలుస్తుంది, అది ఇంజెక్టర్లను మూసేస్తుంది. ఇంజన్ వేగం బాగా తగ్గేదాకా చుక్క పెట్రోల్ లోపలికి వెళ్లదు. అదే న్యూట్రల్‌లో వేస్తే, ఆగిపోకుండా ఉండేందుకు ఇంజన్ గంటకు అర లీటరుకు పైగా తాగుతూనే ఉంటుంది. అంటే న్యూట్రల్ వల్ల నష్టమే తప్ప లాభం లేదు.

ప్రాణం మాట అంతకన్నా పెద్దది. మూడేళ్ల క్రితం, ఈ బండి కొత్తలో, పొట్టంగి దాటాక పాత అలవాటు కొద్దీ న్యూట్రల్‌లో వదిలాను. వెనక సీట్లో మా అమ్మ, మా పాప ఉన్నారు. సుంకి మలుపుల దగ్గరకు వచ్చేసరికి చక్రాల నుంచి కమురు వాసన, పెడల్ మెత్తబడి లోపలికి దిగిపోతోంది. పాదమంతా మోపి నొక్కితే గాని బండి నిలవలేదు. పక్కకు ఆపి గంటసేపు కూర్చున్నాం. అదే పనిగా నొక్కితే బ్రేకులు వేడెక్కి పట్టు వదులుతాయి. పాతబడి తేమ పట్టిన బ్రేకు ద్రవం మరుగుతుంది. ఆ రోజు నుంచి ఎక్కడానికి ఏ గేరు పడుతుందో దిగడానికీ అదే గేరు అని పెట్టుకున్నాను. ఇంజన్ ఆపేసి దిగేవాళ్లూ ఉన్నారు. రెండు మూడు సార్లు నొక్కగానే బ్రేకు రాయిలా బిగుసుకుపోతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. దయచేసి ఆ పని ఎన్నడూ చేయకండి.

ఎక్కేటప్పుడు చాలామంది చేసే తప్పు దీనికి ఎదురుగా ఉంటుంది. పెద్ద గేరులో ఉంటే మిగులుతుందని నాలుగో గేరులోనే లాగిస్తారు. ఇంజన్ వణుకుతుంది, యాక్సిలరేటర్ నేలకు ఆనుతుంది. అలా పూర్తిగా తొక్కినప్పుడు ఇంజన్‌ను కాపాడుకోవడానికి కంప్యూటర్ మామూలు కన్నా ఎక్కువ పెట్రోల్ కలుపుతుంది. మూడో గేరుకో, మలుపుల్లో రెండో గేరుకో దించి, సగం తొక్కుడుతో ఇంజన్ నిమిషానికి రెండున్నర వేల చుట్ల దగ్గర ఉండేలా నడిపితే బండీ హాయిగా ఎక్కుతుంది, ఖర్చూ తగ్గుతుంది. రాయపూర్ నుంచి విశాఖ వైపు తిరిగే బరువు లారీలు ఎప్పుడూ ఈ దారిలో ఉంటాయి. లారీ తోకకు అంటుకుని నిమిషానికోసారి క్లచ్ తొక్కేకన్నా, నలభై యాభై మీటర్లు వెనకబడి నిలకడగా వెళ్లడం మేలు.

నా పుస్తకం ప్రకారం అన్నిటికన్నా పెట్రోల్ తినేది ఘాట్ కాదు, ఊళ్లో తిరుగుడు. జయపురంలో ఇంటి నుంచి బడికి, బడి నుంచి గోదాముకు, రెండేసి కిలోమీటర్ల ప్రయాణాలకు 12 దాటదు. చల్లని ఇంజన్ ఎక్కువ పెట్రోల్ అడుగుతుంది, అది వేడెక్కేలోపే మనం ఆపేస్తాం. జయపురం, కోరాపుట్ మధ్య రానూపోనూ 16న్నర. శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం మీదుగా బరంపురం దాకా జాతీయ రహదారిలో 80 దాటకుండా వెళ్తే 21. అదే దారిలో తొందరపడి 100 మీద నడిపిన రోజు 17న్నర పడింది. గాలి అడ్డగింపు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 80 దగ్గర ఉన్నదానికి 100 దగ్గర ఒకటిన్నర రెట్లకు పైగా అవుతుంది. అన్నీ కలిపి రెండున్నరేళ్ల సగటు 16.4. మన కొండ జిల్లాల్లో ఈ తరహా బండికి ఇది మంచి అంకె అనే నా అభిప్రాయం.

పెట్రోల్ కూడా మారింది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపినది. ఇథనాల్ లీటరులో ఉండే శక్తి పెట్రోల్‌లో మూడింట రెండు వంతులే. కాబట్టి ఏమీ కలపని పెట్రోల్‌తో పోలిస్తే లీటరులో ఉన్న శక్తే నూటికి ఆరేడు వంతులు తగ్గింది. దీనికి మీరూ నేనూ చేయగలిగింది లేదు, లెక్కలో గుర్తుంచుకోవాలి అంతే.

టైర్లలో గాలి మాత్రం మన చేతిలో ఉంది. ఉష్ణోగ్రత అయిదారు డిగ్రీలు తగ్గితే గాలి ఒత్తిడి ఒక పాయింటు (పీఎస్ఐ) పడుతుంది. మధ్యాహ్నం ఎండలో, నడిచి వేడెక్కిన టైర్లలో సరిగ్గా 33 కొట్టించి, డిసెంబరు తెల్లవారుజామున కోరాపుట్ చలిలో చూస్తే 29 కనిపించవచ్చు. ఉదయం బండి కదలక ముందే చూసుకోండి. ఎయిర్ ఫిల్టర్ మార్పించండి గాని, దానితో మైలేజీ పెరుగుతుందని ఆశ పెట్టుకోవద్దు, ఇంజెక్షన్ బండ్లలో అది ఎక్కువగా లాగుడునే దెబ్బతీస్తుంది. మైలేజీ పెంచే మందు అంటూ సీసాలు అమ్ముతారు. వాటికి డబ్బు పెట్టకండి.

బండిలో లోపం ఎప్పుడు అనుమానించాలి? కంపెనీ అంకెతో పోల్చినప్పుడు కాదు, మీ పాత అంకెతో పోల్చినప్పుడు. నిరుడు డిసెంబరులో నా ఊరి లెక్క 12 నుంచి 10కి పడిపోయింది. సర్వీసు కేంద్రంలో రెండుసార్లు చూపిస్తే నడిపే తీరులో తేడా అన్నారు. అదే మనిషి, అదే దారి, అవే గేర్లు. పుస్తకం తిరగేస్తే మూడు ట్యాంకులుగా వరుసగా తగ్గుతోంది. ఇంకోటి కూడా గమనించాను. ఇంజన్ చల్లగా ఉందని చెప్పే నీలం దీపం మామూలుగా కాసేపటికే ఆరిపోవాలి. అది పది నిమిషాలైనా వెలుగుతోంది. కోరాపుట్ నుంచి జయపురం దిగుతుంటే, ఆరిన దీపం మళ్లీ వెలిగింది. ఈ సంగతి మా వీధి మెకానిక్‌కు చెప్పగానే, బానెట్ ఎత్తక ముందే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయిందని అన్నాడు. ఇంజన్ వేడెక్కకుండానే నీళ్లు రేడియేటర్‌లో తిరుగుతున్నాయి, చల్లని ఇంజన్‌కు కావలసినంత పెట్రోల్ రోజంతా పోతోంది. అది మార్చాక రెండో ట్యాంకుకే మళ్లీ 12కి వచ్చింది. రాసుకోకపోయి ఉంటే నా కాలినే నిందించుకుంటూ ఉండేవాణ్ణి.

మీ ఊరి లెక్కగాని, విజయనగరం రానూపోనూ లెక్కగాని ఇలా 15 శాతం పైగా ఒక్కసారి పడిపోతే, ముందు టైర్ల గాలి చూడండి. ఆపిన వెంటనే నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి. ఒక్కటే కాలిపోతుంటే ఆ బ్రేకు పట్టేసినట్టు. ఆ తర్వాత నీలం దీపం.

ఈ నెలలో ఒక విజయనగరం ప్రయాణం, మూడు ట్యాంకులు కోరాపుట్‌లోనే ఒకే బంకులో నింపి రాయండి. ఆ అంకెలు, ఎందరు ఎక్కారు, ఏసీ వేశారా అన్నవీ ఇక్కడే పెట్టండి. అదే నెలకు నా పుస్తకంలో ఉన్నవి పక్కన పెట్టి చూసి చెబుతాను.