వడ్డీ సబ్సిడీని నమ్ముకుని ఫ్లాట్ కొనొచ్చా?

ప్రశ్న: నా వయసు 35. మా ఇద్దరి జీతాలూ కలిపి నెలకు రూ.68 వేలు. రాజమహేంద్రవరంలో నిర్మాణంలో ఉన్న డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ రూ.31 లక్షలకు చూశాం. రూ.22 లక్షల గృహరుణం తీసుకుంటే ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద రూ.2.67 లక్షలు వస్తాయని, రిజిస్ట్రేషన్ ఖర్చు అందులోంచి తేలిపోతుందని బిల్డర్ ఆఫీసులో చెబుతున్నారు. మా దగ్గర రూ.12 లక్షలున్నాయి. నాన్నగారు మూడేళ్లలో రిటైరయ్యాక ఇంకో రూ.12 లక్షలు ఇస్తానన్నారు. అదంతా అప్పుకే కట్టేద్దామనుకుంటున్నాం. ఆయన పేరిట సొంతిల్లు ఉంది. అయినా మాకు సబ్సిడీ వస్తుందా?

జవాబు: వచ్చే అవకాశం ఉంది. కానీ మీకు చెప్పిన లెక్క పాతది. రూ.2.67 లక్షలు 2022 మార్చి 31తో ముగిసిన మొదటి విడత పథకం నాటి మాట. ఇప్పుడున్నది 2024 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పట్టణ ఆవాస్ యోజన 2.0. ఐదేళ్లలో కోటి ఇళ్లు దీని లక్ష్యం. సొంత స్థలంలో కట్టుకునేవారికి సాయం, తక్కువ ధర ఫ్లాట్లు, అద్దె ఇళ్లు, వడ్డీ సబ్సిడీ అని ఇందులో నాలుగు దారులున్నాయి. సొంత స్థలం, తక్కువ ధర ఫ్లాట్ల దారులు ఏడాదికి రూ.3 లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి. మీకు వర్తించేది నాలుగోదే.

అందులో మొదటి రూ.8 లక్షల అప్పుపై 4 శాతం వడ్డీని, 12 ఏళ్ల వరకు ప్రభుత్వం భరిస్తుంది. అన్నీ కుదిరితే గరిష్ఠంగా వచ్చేది రూ.1.80 లక్షలు. అదీ ఒక్కసారిగా కాదు, ఏడాదికి రూ.36 వేల చొప్పున ఐదు విడతల్లో, నేరుగా మీ లోన్ ఖాతాలో పడుతుంది. చేతికి రూపాయి రాదు. కాబట్టి రిజిస్ట్రేషన్ రోజున అది మిమ్మల్ని ఆదుకోదు.

అర్హత సంగతి. కుటుంబ ఆదాయం ఏడాదికి రూ.9 లక్షలు మించకూడదు. మీది రూ.8.16 లక్షలు, కానీ బోనస్ కలిస్తే ఎంతవుతుందో ఫారం 16లు ముందేసుకుని చూడండి. ఇంటి విలువ రూ.35 లక్షల లోపు, రుణం రూ.25 లక్షల లోపు ఉండాలి. కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల వాడుకునే నేల వైశాల్యం, 120 చదరపు మీటర్లు దాటకూడదు. బిల్డర్ చెప్పే ఎస్‌ఎఫ్‌టీలో మెట్లు, కారిడార్ల వాటా కలిసి ఉంటుంది, అది కార్పెట్ ఏరియా కాదు. అగ్రిమెంట్‌లో కార్పెట్ ఏరియా విడిగా రాయించుకోండి. ఫ్లాట్ ఊరి శివార్లలో అయితే ఆ గ్రామం పథకం వర్తించే పట్టణ పరిధిలోకి వస్తుందో లేదో బ్యాంకులో ముందే అడగండి.

నాన్నగారి ఇల్లు మీకు అడ్డు కాదు. కుటుంబం అంటే ఇక్కడ భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు. వీళ్లలో ఎవరి పేరిటా దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. అయితే నాన్నగారు ఎప్పుడైనా సెటిల్‌మెంట్ దస్తావేజుతో మీకు వాటా రాసిచ్చి ఉంటే అప్పుడు అనర్హులే. ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే ధ్రువపత్రం) తీయించి చూసుకోండి. గత 20 ఏళ్లలో మరే ప్రభుత్వ గృహ పథకంలోనూ లబ్ధి పొంది ఉండకూడదు. కొత్త ఫ్లాట్‌ను మీ భార్య పేరిట, లేదా ఇద్దరి పేరిట రిజిస్టర్ చేయించండి.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది ఆ రెండో రూ.12 లక్షల దగ్గర. విడత విడుదలయ్యేనాటికి లోన్ ఖాతా నడుస్తూ ఉండాలి, అసలులో సగానికి పైగా బాకీ ఉండాలి అన్నది షరతు. మీ రుణంలో సగం రూ.11 లక్షలు. 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుంటే ఈఎంఐ సుమారు రూ.19,100. మూడేళ్లకు రూ.20.57 లక్షల బాకీ మిగులుతుంది. అప్పుడు రూ.12 లక్షలు కట్టేస్తే అది రూ.8.57 లక్షలకు పడిపోతుంది. మిగిలిన రెండు విడతలూ, అంటే రూ.72 వేలు, పోయినట్టే.

బదులుగా మూడో ఏట రూ.6 లక్షలే కట్టండి. ఈఎంఐ అలాగే కొనసాగించినా ఐదేళ్లు నిండేసరికి రూ.12.3 లక్షల దాకా బాకీ ఉంటుంది, విడత కొంచెం ఆలస్యమైనా ఇబ్బంది లేదు. మిగతా రూ.6 లక్షలు రెండేళ్లు ఎఫ్‌డీలో ఉంచండి. దానిపై 6.5 శాతం వస్తుందనుకుంటే, అప్పు వడ్డీతో పోల్చినప్పుడు మీకు నష్టం రెండేళ్లకు సుమారు రూ.24 వేలు. నిలబడేది రూ.72 వేలు. ఐదో విడత ఖాతాలో పడ్డాక ఆ ఎఫ్‌డీ తీసి అప్పుకు కట్టేయండి. ఈలోగా తక్కువ వడ్డీ అని లోన్‌ను వేరే బ్యాంకుకు మార్చకండి, ఈఎంఐ తప్పనివ్వకండి.

ఇక చేతిలో ఉన్న రూ.12 లక్షలు. ఫ్లాట్‌కు మీ వాటా రూ.9 లక్షలు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఏడున్నర శాతం చొప్పున రూ.2.33 లక్షలు. నిర్మాణంలో ఉన్న ఫ్లాట్ కాబట్టి జీఎస్‌టీ ఉంటుంది. కార్పెట్ ఏరియా 90 చదరపు మీటర్ల లోపైతే 1 శాతం, అంటే రూ.31 వేలు. దాటితే 5 శాతం. మొత్తం రూ.11.64 లక్షలు. చేతిలో మిగిలేది రూ.36 వేలు. గృహప్రవేశం దాకా ఇంటద్దె, లోన్ వడ్డీ రెండూ కట్టుకుంటూ ఇంత తక్కువ నిల్వతో ఉండమని నేను చెప్పలేను. ఈఎంఐ మీ ఆదాయంలో 28 శాతమే కాబట్టి రుణాన్ని రూ.24 లక్షలకు పెంచి, రూ.2 లక్షలు అత్యవసరాలకు ఉంచుకోండి. ఈఎంఐ రూ.1,700 పెరుగుతుంది. అప్పుడు సగం హద్దు కూడా రూ.12 లక్షలవుతుందని గుర్తుంచుకోండి. పైన చెప్పిన రూ.6 లక్షల పద్ధతి దీనికీ సరిపోతుంది.

బ్యాంకులో రుణ దరఖాస్తుతో పాటే వడ్డీ సబ్సిడీ దరఖాస్తూ ఇవ్వండి. కుటుంబంలో అందరి ఆధార్ కావాలి. దరఖాస్తు నంబరు తీసుకోకుండా బ్రాంచి నుంచి రాకండి. బిల్డర్‌కు మాత్రం రిజిస్టర్డ్ అగ్రిమెంట్ చేతికి రాకముందు 10 శాతానికి, అంటే రూ.3.10 లక్షలకు మించి ఇవ్వకండి. రెరా చట్టం ప్రకారం అంతకన్నా ఎక్కువ అడిగే హక్కు వాళ్లకు లేదు.