డ్రాప్ చెకర్ నీలంగానే ఉంది, చేపలు మాత్రం పైకొస్తున్నాయి: సమాధానం

మిర్యాలగూడ అన్నా, మీ మొక్కల అక్వేరియంలో డ్రాప్ చెకర్ (నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో రంగుతో చూపే చిన్న బుడ్డి) ఎంతకీ ఆకుపచ్చగా మారక, సిలిండర్ నుంచి వదిలే ఆ గ్యాస్ బబుల్స్ పెంచుతూ పోయానని, ఇప్పుడు పొద్దున్నే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయని రాశారు. ముందు సిలిండర్ ఆపి ఎయిర్ పంప్ పెట్టండి. మిగతాదంతా ఆ తర్వాతే.

చెకర్‌లో ట్యాంకు నీళ్లే పోశానన్నారు కదా, చిక్కు అక్కడే ఉంది. ఆ రంగు లెక్క 4 డిగ్రీల కేహెచ్ (నీళ్లలోని కార్బొనేట్, బైకార్బొనేట్ల కొలత) ద్రావణానికే సరిపోతుంది. అందులో ఆకుపచ్చ వస్తే ట్యాంకులో కార్బన్ డయాక్సైడ్ దాదాపు 30 పీపీఎం (లీటరుకు 30 మిల్లీగ్రాములు) ఉన్నట్టు. మన నల్గొండ వైపు బోరు నీళ్లలో బైకార్బొనేట్లు ఎక్కువ. కేహెచ్ 12 ఉన్న నీళ్లు పోస్తే అదే ఆకుపచ్చ రావడానికి 90 పీపీఎం దాకా కావాలి. పాపం, చేపలు అంత తట్టుకోలేవు. రెడీమేడ్ 4 డిగ్రీల ద్రావణమే కొనండి. ఇంటి ఆర్వో నీళ్లతో సరిపెట్టొద్దు, వాటిలోనూ కొంత కేహెచ్ మిగిలే ఉంటుంది.

రాత్రంతా గ్యాస్ వదలకండి, చీకట్లో మొక్కలు కూడా ఆక్సిజన్ తీసుకుంటాయి. సోలెనాయిడ్‌కు (కరెంటుతో గ్యాస్‌ను తెరిచి మూసే వాల్వ్) టైమర్ పెట్టి, లైటుకు గంటన్నర ముందు ఆన్, లైటు ఆరడానికి గంట ముందు ఆఫ్ అయ్యేలా చూడండి. మెకానికల్ టైమర్ అయితే కరెంటు పోయినంతసేపు వెనకబడుతుంది, సరిచేసుకోండి. బబుల్స్ పెంచాక రంగు మారడానికి గంట, రెండు గంటలు పడుతుంది. ఆలోపు మళ్లీ వాల్వ్ తిప్పొద్దు.