ల్యాప్‌టాప్ మార్చాలా, కోర్సులో చేర్చాలా?

ప్రశ్న: మా అబ్బాయి తిరుపతిలో బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతున్నాడు. ఇంటర్న్‌షిప్ పరీక్షలో 6 జీబీ ఫైలు చదివే ప్రోగ్రామ్ రాయమంటే, మెమరీ చాలక మధ్యలోనే ఆగిపోయిందట. నీకు కోడింగ్ తలకెక్కదని వాడితో అనేశాను. 16 జీబీ మెమరీ (ర్యామ్) ఉన్న ల్యాప్‌టాప్ కొనివ్వాలా, బంధువుల అబ్బాయి చేరిన మూడు నెలల డేటా సైన్స్ కోర్సులో చేర్చాలా?
– ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: మీరు అడిగింది ల్యాప్‌టాప్ గురించే అయినా, ఇన్నేళ్లు ఫీజులు కట్టి చదివించిన బిడ్డకు ఈ చదువు అబ్బలేదేమోనన్నదే మీ అసలు దిగులు. అది అక్కరలేని దిగులు. కళాశాల ప్రాక్టికల్స్‌లో ఇచ్చే ఫైళ్లు సాధారణంగా చాలా చిన్నవి కాబట్టి, ఫైలునంతా ఒక్కసారిగా మెమరీలోకి లాక్కునే అలవాటు వల్ల నష్టమేమిటో విద్యార్థికి అక్కడ తెలిసే అవకాశమే తక్కువ.

ల్యాప్‌టాప్ మారిస్తే సమస్య తీరుతుందని అనుకోకండి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ప్రతి పంక్తినీ విడి స్ట్రింగ్‌గా, అంటే అక్షరాల వరుసగా, లిస్టులో దాచుకుంటే, అక్షరాలు కాక ఒక్కో స్ట్రింగ్‌కు 40 నుంచి 50 బైట్లు, లిస్టులో దాని చిరునామాకు మరో 8 బైట్లు పడతాయి. పంక్తికి 20 అక్షరాల చొప్పున ఉన్న 6 జీబీ ఫైలు మెమరీలో మూడింతలకు పైగా పెరుగుతుంది కనుక, 16 జీబీ కూడా చాలదు. తిరుమలలో భక్తులను వైకుంఠం క్యూ కాంప్లెక్స్ కంపార్ట్‌మెంట్ల నుంచి విడతలవారీగా దర్శనానికి వదిలినట్టే, ఫైలును ఒక్కో పంక్తిగా చదివి, కావలసిన లెక్కను మాత్రం ఉంచుకొని, మిగతాది వదిలేస్తూ పోవాలి. ఫైలంతా ఒకే పంక్తిగా ఉంటే ఈ పద్ధతి పనిచేయదు. అప్పుడు ఇన్ని బైట్లని నిర్ణయించుకొని ముక్కలుగా చదవాలి. పైథాన్‌లో పట్టికల డేటా కోసం ఉన్న పాండాస్ లైబ్రరీ వాడేటప్పుడు, ఒక్కో విడతకు ఎన్ని వరుసలో చెప్పే చంక్‌సైజ్ ఇచ్చి, అవసరమైన కాలమ్‌లనే తెచ్చుకోవచ్చు. ఫైలును వరుసక్రమంలో పెట్టమంటే మాత్రం పని కాస్త పెద్దది: మెమరీలో పట్టేంత భాగాలను విడివిడిగా సార్ట్ చేసి (వరుసలో పెట్టి), డిస్క్ మీద రాసి, చివర మెర్జ్ చేయాలి (కలపాలి). శ్రద్ధగా కూర్చుంటే ఇదంతా కొన్ని వారాల్లో పట్టుబడే విద్య.

కోర్సు విషయంలో నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. నా దగ్గరికి వచ్చే పిల్లలు చూపించే ఇలాంటి కోర్సుల సిలబస్‌లు ఎక్కువగా శుభ్రం చేసిన చిన్న సీఎస్‌వీ ఫైలుతో (కామాలతో విడదీసిన పట్టికతో) మొదలై, డేటా నుంచి అంచనాలు కట్టే ఏదో ఒక మోడల్‌తో ముగుస్తున్నాయి. డేటా మెమరీలో పట్టనప్పుడు ఏం చేయాలన్నది వాటిలో కనబడదు, మీ అబ్బాయి ఆగిపోయింది మాత్రం సరిగ్గా అక్కడే. ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటా స్ట్రక్చర్స్ సరిగా రాకుండా చేతికొచ్చే సర్టిఫికెట్‌ను చూసి ఇంటర్వ్యూ చేసేవారు సంతృప్తి పడరు. ఆ రెండు సబ్జెక్టులూ వాడి బీటెక్‌లోనే ఉన్నాయి. వాటికి మీరు ఫీజు ఇప్పటికే కట్టారు.

ఒక మాట కఠినంగానే చెబుతున్నాను. ఒక్క పరీక్ష చూసి తలకెక్కదని కన్నబిడ్డ ముఖం మీదే అనడం తప్పు. బంధువుల అబ్బాయి ఏం చేస్తున్నాడో రాశారు గానీ, మీవాడికి ఏం ఇష్టమో ఒక్క ముక్క కూడా రాయలేదు. ముందు వాడిని అడగండి. డేటా సైన్స్ మీద నిజంగా ఆసక్తి ఉందంటే, ఇంజినీరింగ్ పీజీ ప్రవేశాల పరీక్ష గేట్‌లో 2024 నుంచి డేటా సైన్స్, ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్‌కు ప్రత్యేక పేపరు ఉంది. దానికి నిదానంగా సిద్ధం కావచ్చు. ఈలోపు అదే 6 జీబీ ఫైలును ఇప్పుడున్న ల్యాప్‌టాప్ మీదే చదివే ప్రోగ్రామ్ మళ్లీ రాయమనండి, ఎంత మెమరీ వాడిందో పైథాన్‌లోనే ఉన్న ట్రేస్‌మాలక్ అనే సాధనంతో కొలిచి చూసుకోమనండి.