అటకలో ఐమూల చెక్కలు కోయించకు

చిరంజీవి అల్లుడికి మావయ్య దీవించి రాసేది.

నిన్న ఫోన్లో నువ్వన్న మాటకి రాత్రంతా నిద్ర పట్టలేదు. అటకని పిల్లల చదువుగదిగా చేస్తానన్నావు, సంతోషం. తలకి తగులుతున్నాయని ఆ ఐమూల చెక్కలు కోయించేస్తానన్నావు చూడు, దానికే ఈ ఉత్తరం.

పెంకు బరువు వాసాల మీదుగా కిందికే కాదు, పక్కకీ తోస్తుంది. గోడలు బయటికి ఒరగకుండా వాసాల అడుగుల్ని లాగి పట్టేది అడ్డదూలం. దాన్ని ముట్టుకోనన్నావు, మంచిది. ఐమూల చెక్కల పని వేరు. అవి ఒక ట్రస్సు నుంచి, అంటే వాసాలూ అడ్డదూలమూ కలిసిన ముక్కోణపు చట్రం నుంచి, పక్క ట్రస్సుకి ఏటవాలుగా పోతాయి. మామూలు రోజుల్లో వాటి మీద పెంకు బరువు పెద్దగా పడదు, కోసేసినా ఇల్లు నిలబడే ఉంటుంది. గాలి ఇంటి పొడుగునా కొట్టిన రోజు తెలుస్తుంది. పెంకుల కింద అడ్డంగా కొట్టిన రీపర్లు పట్టుకుంటాయి కదా అంటావేమో. నాలుగు కర్రలకి మూలకో మేకు కొట్టి చేత్తో నెట్టు, ఒరిగిపోతుంది. మూల నుంచి మూలకి ఐదో కర్ర కొట్టి నెట్టు, కదలదు.

1996 నవంబరు 6 తుపానులో కోనసీమలో నేను కట్టిన ఇల్లొకటి పోయింది. ఖర్చు తగ్గించమంటే ఐమూల చెక్కలు వదిలేశాను. చివరి ముక్కోణపు గోడ ముందు పడింది, ఆ వెనకే ట్రస్సులన్నీ వరసగా ఒరిగాయి. ఇంట్లోవాళ్లు ముందే బడికి వెళ్లి ఉన్నారు గనక బతికారు. తెల్లారి వెళ్లి చూస్తే ఒక్క దూలమూ విరగలేదు, అల్లుడూ. అన్నీ ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి. ఆ తర్వాత ఎవరెంత బతిమాలినా నేను వాటిని వదల్లేదు.

నీకు చోటే కావాలంటే దారి ఉంది. కొత్త చెక్కల్ని వాసాల కింది వైపునే, కప్పు వాలుకి ఆనించి ఐమూలగా కొట్టించు, తలకి తగలవు. నలభై అయిదు డిగ్రీలకి దగ్గరగా పోవాలి. దాటే ప్రతి వాసానికీ రెండు మేకులు, చివర్లకి బోల్టులు. మనవి తాటివాసాలు, ముందు బెజ్జం వెయ్యకపోతే పగులుతాయి. రెండు ముక్కోణపు గోడల దగ్గరా తప్పనిసరి, గాలి ముందు తగిలేది అక్కడే. కొత్తది బిగించాకే పాతది తియ్యాలి, అదీ ఒక్కొక్కటిగా. ట్రస్సు లోపల వాసాన్ని కింద నుంచి ఎత్తి పట్టే చెక్కల జోలికి మాత్రం అసలు పోకు, అవి బరువు మోస్తున్నాయి.

గోడలో దిగిన దూలాల చివర్లు మేకుతో పొడిచి చూడు, మెత్తగా దిగితే చెద పట్టినట్టే. పుస్తకాల బీరువా పైకెక్కించే ముందు ఇంజనీరుకి చూపించు.

దసరాకి నేనే వచ్చి దగ్గరుండి కొట్టిస్తాను. కార్తీకం గాలులకి ముందే అయిపోవాలి. అప్పటిదాకా రంపం పట్టుకుని ఎవర్నీ అటకెక్కనివ్వకు.

మీ మావయ్య