పసిగుడ్డు పాలు మానితే తెల్లారేదాకా ఆగకు

సిరోంచ (గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర) నుంచి అమ్మమ్మ దీవించి రాయునది.

బిడ్డా, నిన్న ఫోన్‌లో నువ్వు ఏడిస్తే నాకు రాత్రంతా కన్ను మూతపడలేదు. మోకాళ్ళు సహకరిస్తే ఈపాటికి ఆసరెల్లి బస్సెక్కి నీ పక్కన కూర్చునేదాన్ని. ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతావని రాస్తున్నా. మీ అత్తమ్మకు కూడా చదివి వినిపించు. ఆమె చెడ్డది కాదు, తను ఎట్లా పెంచిందో అదే నీకు చెబుతుంది. నేనూ ఒకప్పుడు అవన్నీ చేసినదాన్నే.

పాప రెండు కిలోల మూడు వందల గ్రాములు పుట్టిందని బెంగపడకు. రెండున్నర కిలోలకు తగ్గితే బరువు తక్కువ పిల్ల అంటారు, నిజమే. అట్లాంటి పిల్లకు ముందు కావలసినవి నీ పాలు, నీ ఒంటి వెచ్చదనం. జాకెట్టు విప్పి, పాపకు లంగోటీ, టోపీ మాత్రమే ఉంచి, నీ రెండు రొమ్ముల మధ్య నిలువుగా ఆనించుకో. కాళ్ళు కప్ప కాళ్ళలాగా మడిచి, తల ఒక పక్కకు తిప్పి, పైన పాత నూలు చీర చుట్టి కట్టుకో. ముక్కు మూసుకుపోకుండా చూసుకో. రోజులో ఎన్ని గంటలు వీలైతే అన్ని గంటలు అట్లా ఉంచుకో. నువ్వు అలిసిపోతే మీ ఆయన ఛాతీ మీద పడుకోబెట్టు, సిగ్గేం లేదు, తండ్రి ఒళ్ళూ వెచ్చనే.

ఎండలు మండుతున్నాయి కదా, చలెక్కడిది అంటావేమో. ముందు పాప పొట్ట ముట్టి చూడు, తరువాత పాదం ముట్టి చూడు. రెండూ ఒక్కతీరు వెచ్చగా ఉంటే బాగుంది. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లబడితే కూలర్ గాలి తగులుతున్నట్టు, వెంటనే ఒంటికి ఆనించుకో. రెండూ కాలుతుంటే ముందు గుడ్డలు వదులు చెయ్యి, కాసేపటికీ తగ్గకపోతే అది జ్వరం. మన దిక్కు బాలింత గదికి కిటికీలు మూసి, కుంపటి పెట్టి, సాంబ్రాణి పొగ వేస్తారు. ఈ నెలలో ఆ గది తల్లికే తట్టుకోరానిది, పిల్లకు చెప్పేదేముంది? ఆ పొగ చిన్న ఊపిరితిత్తులకు పడదు. కుంపటి బయట పెట్టించు, నా మాటగా చెప్పు.

పాలు రావడం లేదని ఏడ్చావు. పాప చీకిన కొద్దీ పాలు ఊరుతాయి, చీకకపోతే తగ్గుతాయి. రాత్రీ పగలూ కలిపి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు తాపు. చనుమొన ఒక్కటే నోట్లో పెడితే నీకు పగుళ్ళు పడతాయి, దానికి పాలు అందవు. నోరు పెద్దగా తెరిచేదాకా ఆగి, నల్లటి భాగం కూడా చాలామట్టుకు నోట్లోకి పోయేటట్టు దగ్గరికి తీసుకో, గడ్డం రొమ్ముకు తగలాలి. అప్పుడు గుటక చప్పుడు నీకే వినబడుతుంది. చీకలేక అలిసిపోతే శుభ్రంగా కడిగిన గిన్నెలోకి పాలు పిండి చెంచాతో తాపు. సీసా వద్దు. చాలుతున్నాయా అన్న అనుమానం వస్తే లంగోటీలు లెక్కపెట్టు. ఆరు, అంతకన్నా ఎక్కువ తడిస్తే నీ పాలు సరిపోతున్నట్టే.

చూడవచ్చిన ప్రతి ఒక్కరూ "నాలుక ఎండిపోతుంది, రెండు చుక్కల నీళ్ళు పొయ్యండి" అంటారు. పొయ్యకు. తల్లి పాలలో నూటికి 85 పాళ్ళకు పైగా నీళ్ళే. ఆరు నెలలు నిండేదాకా నీళ్ళు, తేనె, ఆముదం, ఆవు పాలు ఏవీ వద్దు. తేనె ఏడాది దాటేదాకా నాలుకకు తగలనీయకు. నీళ్ళు నువ్వు తాగు. బాలింతకు నీళ్ళు ఎక్కువ ఇవ్వొద్దని, కారం అన్నమే పెట్టాలని పథ్యాలు చేయిస్తే ఒప్పుకోకు. పప్పు, ఆకుకూర, గుడ్డు, చేప అన్నీ తిను. నువ్వు ఎండిపోతే ఇంట్లో ఇద్దరు రోగులు.

ఇప్పుడు నీకు ఎప్పుడూ చెప్పని మాట చెబుతా. మీ అమ్మకన్నా ముందు నాకొక కొడుకు పుట్టాడు. యాభై ఏళ్ళు దాటింది. ఇరవై నాలుగో నాడు, శ్రావణంలో, పొద్దున వాడు రొమ్ము అందుకోలేదు. నోట్లో పెడితే పెదవులు కదిలాయి, చీకలేదు. దిష్టి తగిలిందని మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశారు, చెంచాడు ఆముదం తాపారు. మధ్యాహ్నానికి పాదాలు చల్లబడ్డాయి. అప్పటికి వంతెన లేదు, ప్రాణహిత నిండుగా పారుతోంది, పడవవాడు రేపు చూద్దామన్నాడు. మేమూ రేపు చూద్దామనే అనుకున్నాం. వాడు ఏడవలేదు. ఏడవడం లేదు, పడుకున్నాడు అని నేను నిమ్మళించాను. కోడి కూయకముందే పోయాడు.

ఏడ్చే పిల్లను చూసి భయపడకు బిడ్డా. ఆకలైనా, తడిసినా, నిద్ర వచ్చినా ఏడుస్తుంది. ఎప్పుడూ తాగే పిల్ల పాలు మానేసి మెత్తగా, చప్పుడు లేకుండా పడి ఉంటే భయపడు. పాప నిమ్మళంగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం చేతిలో పట్టుకొని, పొట్ట లేచి పడడం నిమిషం నిండా లెక్కపెట్టడం నేర్చుకో. రెండు నెలల లోపు నిమిషానికి అరవై, ఆ పైన వస్తే ఇంకొకసారి లెక్కపెట్టు. మళ్ళీ అంతే వస్తే దవాఖానకు. రెండు నెలల నుంచి ఏడాది దాకా యాభై గుర్తు. ఊపిరి తీసినప్పుడల్లా డొక్క లోపలికి గుంజుకుపోతే, ఒళ్ళు కాలినా చల్లబడినా, ఫిట్స్ వచ్చినా, బొడ్డు దగ్గర చీము పట్టినా, అరచేతులూ అరికాళ్ళూ పసుపు పచ్చబడినా అంతే. 108కు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రి అని చూడకు. దారంతా ఒంటికి ఆనించుకొని తీసుకుపో.

ఈ లెక్క నాకు అంగన్‌వాడీ సేవికగా చేరాకే తెలిసింది. మన జిల్లాలోనే, గడ్చిరోలి దిక్కు ఊళ్ళలో, డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు 1990లలో 39 ఊళ్ళు ఎంచుకొని ఆ ఊరి ఆడవాళ్ళకే పసిపిల్లల వైద్యం నేర్పారు. తూకం వెయ్యడం, ఊపిరి లెక్కపెట్టడం, అవసరమైతే సూది మందు ఇవ్వడం. వాళ్ళను ఆరోగ్యదూతలన్నారు. నెలలోపు పిల్లల చావులు సగానికి పైగా తగ్గాయని 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇప్పుడు ఆశా తాయి, అంటే ఊరి ఆశా కార్యకర్త, మూడు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజుల్లో మీ ఇంటికి రావడం ఆ దారిలో వచ్చిందే. ఆ సంగతి విన్నరోజు నేను వాకిట్లో ఒక్కదాన్నే కూర్చొని ఏడ్చాను. తాయి వస్తే చాయ్ ఇచ్చి పంపెయ్యకు, పక్కన కూర్చోబెట్టుకొని అన్నీ అడుగు.

బొడ్డుకు బూడిద, పసుపు, నూనె ఏదీ పెట్టకు, పొడిగా ఉంచితే దానంతటదే రాలుతుంది. కళ్ళకు కాటుక వద్దు. చెవుల్లో, ముక్కులో నూనె పొయ్యనీయకు. పొట్ట ఉబ్బిందని వాతలు పెట్టేవాళ్ళ దగ్గరికి ఎవరు తీసుకుపోతామన్నా ఇవ్వకు, అక్కడ మాత్రం గట్టిగా నిలబడు. వెల్లకిలా పడుకోబెట్టు. తొట్టెల మీద దోమతెర పగలు కూడా ఉండాలి, మన అడవి జిల్లాలో మలేరియా సంగతి నీకు తెలియనిది కాదు.

టీకాలు ఒకటిన్నర నెల, రెండున్నర నెలలు, మూడున్నర నెలలకు పడతాయి. తట్టుకు తొమ్మిది నెలలు నిండాక వేస్తారు. సూది పడిన రాత్రి ఒళ్ళు వెచ్చబడితే మళ్ళీసారి మానెయ్యకు. ఎడమ భుజం మీద బీసీజీ వేసినచోట కొన్ని వారాలకు చిన్న పుండు లేస్తుంది, దానికి మందు రాయకు.

ఆరు నెలలు నిండాక నీ పాలు ఆపకుండానే తిండి మొదలుపెట్టు. పెసరపప్పు, బియ్యం మెత్తగా ఉడికించి, చెంచాడు నెయ్యి వేసి మెదుపు. పల్చటి కట్టు తాపితే పొట్ట నిండుతుంది కాని బలం రాదు. చెంచా వంచితే జారిపోకుండా నిలవాలి, అదే గుర్తు. మొదట రెండు మూడు చెంచాలు చాలు. తరువాత ఆకుకూర, గుడ్డు, ముళ్ళు తీసిన చేప ఒక్కొక్కటే చేర్చు. విరేచనాలు పట్టుకుంటే పాలు ఆపకు, ఓఆర్ఎస్ తాపు, జింక్ మందు పద్నాలుగు రోజులూ వెయ్యి, రెండో రోజుకే తగ్గిందని ఆపకు. ఈ లెక్కన నడిస్తే ఐదారు నెలలకు పుట్టిన బరువుకు రెండింతలు, ఏడాదికి మూడింతలు అవుతుంది.

పాలిచ్చేటప్పుడు ఫోన్ పక్కన పెట్టి దాని ముఖం చూసి మాట్లాడు, తెలుగులోనే మాట్లాడు. మరాఠీ బడిలో ఎట్లాగూ వస్తుంది.

నీకు రెండు వారాలు దాటినా ఏడుపు ఆగకపోతే, పాపను ఎత్తుకోవాలని అనిపించకపోతే దాచుకోకు. నాకు చెప్పు, డాక్టరమ్మకు చెప్పు.

ఎల్లుండి పద్నాలుగో రోజు, తాయి తూకం తెస్తుంది. పుట్టిన వారంలో కొంత తగ్గి, ఇప్పటికి మళ్ళీ ఆ బరువుకు రావాలి. గుడ్డలు తీసి వెయ్యమను. రెండు కిలోల మూడు వందలు చేరిందా లేదా ఆ సాయంత్రమే ఫోన్ చేసి చెప్పు, పక్కనే పెట్టుకొని కూర్చుంటా. మీ మామయ్య వస్తే పాత నూలు చీరలు నాలుగు పంపుతున్నా, ఉతికి ఎండలో ఆరేసినవే.

నీ అమ్మమ్మ